బూడిద కలిపితే బొబ్బర్లు పుచ్చవా? ప్రశ్నను ప్రయోగంగా మార్చి, ఫలితాన్ని నలుగురి ముందు పెట్టే పద్ధతి

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు తెలుగు ఇళ్లలోని పిల్లలు, డిగ్రీ చదివేవాళ్లు, వాళ్ల టీచర్లు తరచూ అడిగేది ఒకటే: "సైన్స్ ప్రాజెక్టు అంటే మోడల్ కట్టడం తెలుసు. నిజమైన ప్రయోగం ఎలా చెయ్యాలి? చేశాక ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి?"

మొదటి నుంచి చివరిదాకా ఒకే ఉదాహరణతో చెబుతాను. మన ఇళ్లలో బొబ్బర్లలో బూడిద కలిపి దాస్తారు, పుచ్చు పట్టదని. అది నిజమా? పెద్ద ల్యాబు అక్కర్లేదు. సీసాలు, తూకం, భూతద్దం, రెండు మూడు నెలల ఓపిక ఉంటే చాలు. పెద్ద పరిశోధనశాలలో పనిచేసేవాళ్లు పాటించే క్రమం కూడా ఇదే.

పనిలో సగానికి పైగా మొదటి సీసా నింపకముందే జరుగుతుంది. అందుకే ఈ వ్యాసంలో కూడా ఎక్కువ చోటు ఏర్పాట్లకే ఇచ్చాను.

1. ప్రశ్నను కుదించండి

"బూడిద మంచిదా?" అన్నది ప్రయోగానికి లొంగదు. దేనికి మంచిది, ఎంత వేస్తే, దేనితో పోలిస్తే, ఎన్నాళ్లకు? ఈ నాలుగింటికీ జవాబు ప్రశ్నలోనే ఉండాలి.

మన ప్రశ్న ఇలా తయారవుతుంది: "గుప్పెడు పొయ్యి బూడిద కలిపి గాజు సీసాలో 45 రోజులు దాచిన బొబ్బర్లలో, ఏమీ కలపని బొబ్బర్లలో కంటే, కన్నాలు పడిన గింజలు తక్కువగా ఉంటాయా?"

45 రోజులే ఎందుకు? పుచ్చు పురుగు గింజ పైన గుడ్డు అంటించి పెడుతుంది. పిల్ల పురుగు గుడ్డు కింద నుంచే నేరుగా గింజలోకి తొలుచుకుపోతుంది. లోపలే పెరిగి, గుండ్రటి కన్నం చేసుకుని పెద్ద పురుగై బయటికొస్తుంది. మన వేడికి ఈ చక్రం దాదాపు నెల. 45 రోజుల దగ్గర ఆపితే మొదటి తరం కన్నాలు లెక్కకొస్తాయి, రెండో తరం ఇంకా బయటపడదు. మీ విషయం ఏదైనా సరే, గడువును క్యాలెండర్ చూసి కాకుండా ఆ జీవి నడక చూసి పెట్టండి.

2. ముందే ఎవరేం చేశారో చూడండి

రెండు చోట్ల వెతకాలి. ఒకటి ఇల్లు, ఊరు. నాయనమ్మనో, పక్కింటి పెద్దమ్మనో అడగండి: ఏ కట్టె బూడిద, జల్లిస్తారా, ఎంత వేస్తారు? "గుప్పెడు" అంటే ఆ గుప్పెడే తూకం వెయ్యండి. ఆవిడ చేత్తోనే పదిసార్లు తీయించి, ఒక్కోసారి తూచి, సగటు రాసుకోండి. గుప్పెడు గ్రాములుగా మారిన రోజు నుంచే మీ పని ఇంకొకరు మళ్లీ చేసి చూడగల పని అవుతుంది.

రెండోది అచ్చయిన పరిశోధన. గూగుల్ స్కాలర్‌లో వెతకండి. విశ్వవిద్యాలయాల థీసిస్‌ల కోసం శోధగంగ, వ్యవసాయ పరిశోధనల కోసం కృషికోశ్ ఉన్నాయి. ప్రభుత్వ కాలేజీలో చదువుతుంటే 2025 జనవరి 1న మొదలైన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద డబ్బు కట్టాల్సిన పత్రికలు కూడా చదవొచ్చేమో లైబ్రేరియన్‌ని అడగండి. గుణుపురంలో రాయగడ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. శ్రీకాకుళం వైపు నైరలో వ్యవసాయ కళాశాల ఉంది. పురుగును సీసాలో వేసుకుని వెళ్లి, ఇది ఏ జాతో అడగండి.

పేర్ల దగ్గర జాగ్రత్త. మనం బొబ్బర్లంటాం, ఇంకొకరు అలసందలంటారు, బడిలో ఒడియా పేరు వేరే. శాస్త్రీయ నామం (విగ్నా అంగ్విక్యులేటా) నోటుబుక్కు మొదటి పేజీలోనే రాయండి. వెతుకులాటకూ అదే పనికొస్తుంది.

ముందే ఎవరో చేసేశారని నిరాశ పడొద్దు. మీ బూడిదతో, మీ గింజలతో, మీ వాతావరణంలో మళ్లీ చేసి చూడటం కూడా విలువైన పనే.

3. ఫలితం రాకముందే కాగితం మీద పెట్టండి

సీసాలు నింపకముందే ఒక పేజీ రాసి, తేదీ వేసి, టీచర్ చేత సంతకం పెట్టించండి. అందులో ఇవి ఉండాలి:

- నా ఊహ: బూడిద ఉన్న సీసాల్లో కన్నాలు తక్కువ ఉంటాయి.
- ఏం కనిపిస్తే నా ఊహ తప్పని ఒప్పుకుంటాను.
- ఏది లెక్కపెడతాను: సీసాకు 200 గింజల్లో కన్నం ఉన్నవి ఎన్ని.
- ఏ రోజు ఆపుతాను.
- ఏ సీసానైనా లెక్కలోంచి తీసేస్తే ఏ కారణంతో తీసేస్తాను (పగిలితే, గుడ్డ ఊడి పురుగులు పోతే).

రెండో అంశాన్నే చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో ప్రయోగానికి ప్రాణం అదే. ఏ ఫలితం వచ్చినా "చూశారా, నేను చెప్పినట్టే అయింది" అనగలిగితే, మీరు ఏదీ పరీక్షించనట్టే లెక్క.

మందుల పరీక్షల్లో ఇది నియమమే. మన దేశంలో మనుషుల మీద చేసే క్లినికల్ ట్రయల్స్‌ని ముందుగా నమోదు చెయ్యడానికి 2007లో ఒక జాతీయ రిజిస్ట్రీ పెట్టారు, 2009 నుంచి ఆ నమోదు తప్పనిసరి చేశారు.

4. పోలిక సీసాలు పెట్టండి

బూడిద సీసా ఒక్కటే పెట్టి "పుచ్చలేదు" అంటే ఏమీ తేలదు. ఆ గింజలు ఎలాగూ పుచ్చేవి కావేమో. అందుకే ఏమీ కలపని సీసా కూడా ఉండాలి. దీన్నే కంట్రోల్ అంటారు.

ఇక్కడితో ఆగిపోకండి. బూడిద వేసిన సీసాలో రెండు మార్పులు జరిగాయి. బూడిద అనే పదార్థం చేరింది. దాంతోపాటు గింజల మధ్య సందులన్నీ పూడిపోయాయి. పురుగు ఆగింది బూడిద గుణం వల్లా, నడవడానికి చోటు లేకపోవడం వల్లా? రెండు రకాల సీసాలతో ఇది తేలదు.

మూడో రకం కావాలి: ఎండబెట్టి, అదే జల్లెడతో పట్టిన మెత్తటి మట్టి. అది కూడా సందులు పూడుస్తుంది, కానీ బూడిద కాదు. తూకంతో కాదు, కొలత గిన్నెతో సమానంగా వెయ్యండి. బూడిద తేలిక కాబట్టి తూకం సమానం చేస్తే సందులు సమానంగా పూడవు.

ఇప్పుడు మూడు రకాలున్నాయి: ఉత్త గింజలు, బూడిద గింజలు, మట్టి గింజలు. ఏ ప్రయోగంలోనైనా "నేను ఒకటి మారుస్తున్నాననుకుంటూ ఇంకా ఏవేం మారుస్తున్నాను?" అని అడగండి. జవాబులో వచ్చే ప్రతి అనుమానానికీ ఒక పోలిక సీసా పెట్టగలరేమో చూడండి.

5. రకానికి ఎన్ని సీసాలు?

ఒక్కో సీసా చాలదు. "సీసాలో రెండువేల గింజలున్నాయిగా, రెండువేల ఉదాహరణలు కావా?" అని అడుగుతారు. కావు. ఆ గింజలన్నీ ఒకే మూత కింద, అవే పురుగులతో ఉన్నాయి. సీసాయే ఒక ఉదాహరణ. ఈ పొరపాటు పెద్ద పత్రికలకు వచ్చే వ్యాసాల్లో కూడా కనిపిస్తుంది.

ఎన్ని కావాలో చేత్తోనే లెక్కేసుకోవచ్చు. బూడిద సీసాలన్నింటిలోనూ ఉత్త సీసాలన్నింటి కంటే కన్నాలు తక్కువ వచ్చాయనుకోండి. బూడిదకు ఏ ప్రభావమూ లేకపోయినా, ఉత్త అదృష్టం వల్ల ఇలా రెండు గుంపులూ పూర్తిగా విడిపోయే అవకాశమెంత?

- రకానికి 3 చొప్పున పెడితే: 6 సీసాలను రెండు గుంపులుగా 20 విధాలుగా విడదీయొచ్చు. ఇటైనా అటైనా పూర్తిగా విడిపోయేవి 2. అంటే నూటికి 10.
- 4 చొప్పున: 70 విధాల్లో 2. నూటికి 3 లోపు.
- 5 చొప్పున: 252 విధాల్లో 2. నూటికి ఒకటి కూడా లేదు.

అదృష్టం వల్ల జరిగే అవకాశం నూటికి 5 కంటే తక్కువైతేనే తేడాను లెక్కలోకి తీసుకోవాలని శాస్త్రవేత్తలు చాలాచోట్ల హద్దు పెట్టుకుంటారు. మూడేసి సీసాలతో ఎంత మంచి ఫలితం వచ్చినా ఆ హద్దు లోపలికి రాలేరు. కాబట్టి అయిదేసి పెట్టండి, మొత్తం 15.

6. చీట్లు తీయండి, లెక్కపెట్టేవాళ్లకు చెప్పకండి

ఏ సీసాకు ఏ రకమో మీ ఇష్టంతో నిర్ణయించకండి. తెలియకుండానే మంచి గింజలు బూడిద సీసాలో పడతాయి. 15 చీట్లు మడిచి తీయండి. అరలో సీసాలు పెట్టే వరసకు మళ్లీ చీట్లు తీయండి. కిటికీ వైపు వేడి ఎక్కువ. బూడిద సీసాలన్నీ అటే ఉంటే తేడా బూడిదదా, ఎండదా అన్నది ఎప్పటికీ తెలియదు.

కన్నాలు లెక్కపెట్టే మనిషికి ఏ పొట్లం ఏ సీసాదో తెలియకూడదు. ఇక్కడ ఒక చిక్కుంది. గింజకు అంటిన బూడిద గుట్టు బయటపెడుతుంది. మూడు రకాల గింజల్నీ ఒకేలా నీళ్లలో కడిగి, ఆరబెట్టి, ఇంకొకరి చేత నంబరు పొట్లాల్లో కట్టించండి. ఉత్త గింజల్ని కూడా కడగాలి.

7. చిన్న ట్రయల్ చెయ్యండి

రెండు ఉత్త సీసాలతో ముందు ఒక నెలన్నర నడపండి. పురుగులు మరీ ఎక్కువ వేస్తే ప్రతి గింజకూ కన్నం పడుతుంది, ఇక తేడా కనిపించడానికి చోటుండదు. మరీ తక్కువ వేస్తే ఎక్కడా ఏమీ ఉండదు. పావు కిలో గింజలకు 10 పురుగులతో మొదలుపెట్టి చూడండి. ఉత్త సీసాలో 200 గింజల్లో పాతిక, ముప్పైకి కన్నాలు పడితే కొలతకు అనువుగా ఉంటుంది.

పోటీ తేదీ దగ్గర పడిందనే టెన్షన్‌లో ఈ మెట్టు దాటేస్తారు. తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుని నాలుగు నెలల ముందే మొదలుపెట్టండి.

8. రోజుల వరస

మొదలుపెట్టేముందు చేతిలో ఉండాల్సినవి:

- ఒకే చోట, ఒకే రోజు కొన్న బొబ్బర్లు 4 కిలోలు, మందు కొట్టనివి (సంతలో అడిగి మరీ కొనండి)
- ఒకే రకం గాజు సీసాలు 15, పల్చటి గుడ్డ, రబ్బరు బ్యాండ్లు
- జల్లించిన పొయ్యి బూడిద (ప్లాస్టిక్ కాల్చినది వద్దు), జల్లించిన ఎండు మట్టి
- గ్రాములు చూపే తూకం, కొలత గిన్నె, భూతద్దం, థర్మామీటరు
- బూడిద కలిపేటప్పుడు ముక్కుకు మాస్కు

*వారం ముందు.* గింజల్ని గట్టిగా మూసిన సంచుల్లో ఫ్రిజ్‌లోని ఫ్రీజర్‌లో వారం ఉంచండి. పొలంలోనే గుడ్డు పడి, లోపల పురుగు పెరుగుతున్న గింజలు బయటికి మామూలుగానే కనిపిస్తాయి. చలికి అవి చస్తాయి. బయటికి తీశాక సంచి చల్లదనం పోయేదాకా విప్పకండి, విప్పితే గింజలకు చెమ్మ పడుతుంది.

*మొదటి రోజు.* గింజలన్నీ ఒకే చేటలో కలిపి పావు కిలో చొప్పున తూచండి. చీటీ ప్రకారం బూడిద, మట్టి కలపండి. సీసాకు 10 బతికున్న పెద్ద పురుగులు వేసి, గుడ్డ కట్టండి. సీసాల మీద నంబరు మాత్రమే రాయండి.

*రెండో రోజు నుంచి 44 దాకా.* సీసా విప్పొద్దు, కుదపొద్దు. రోజూ ఒకే వేళకు గది వేడి రాయండి. వానాకాలంలో చేస్తుంటే వాన పడిన రోజులు కూడా గుర్తుపెట్టండి. పదో రోజు ప్రాంతంలో ఉత్త సీసా గాజు పక్కన ఉన్న గింజల మీద భూతద్దం పెట్టి చూడండి. తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. కొత్తగా పెట్టిన గుడ్డు పారదర్శకంగా ఉంటుంది. పురుగు లోపలికి తొలుస్తూ వెనక్కి నెట్టిన పిండి గుల్లలో నిండాకే అది తెల్లబడుతుంది.

*45వ రోజు.* జల్లించి, కడిగి, ఆరబెట్టి, పొట్లాలు కట్టి, ఒక్కో పొట్లం బాగా కలిపి 200 గింజలు ఏరకుండా తీసి లెక్కపెట్టండి. ఇద్దరు విడివిడిగా లెక్కపెడితే మేలు. తేడా వస్తే ఇద్దరి అంకెలూ రాసి, మళ్లీ లెక్కపెట్టండి.

పని అయ్యాక గింజల్ని, పురుగుల్ని మరిగే నీళ్లలో పోసి ఆ తర్వాతే పారెయ్యండి. లేకపోతే మీ ప్రయోగం ఇంట్లో పప్పుల డబ్బాల దాకా వెళ్తుంది. చిన్న పిల్లలు చేస్తుంటే ఈ పని పెద్దవాళ్లే చెయ్యాలి.

9. నోటుబుక్కు

విడి కాగితాలు వద్దు, కుట్టిన నోటుబుక్కు తీసుకోండి. పేజీలకు నంబర్లు ముందే వెయ్యండి. పెన్నుతో రాయండి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన రాయండి, పాత అంకె కనిపిస్తూనే ఉండాలి. ఆ రోజు పని ఆ రోజే రాయండి.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు ఉన్న మన పిల్లలు నోటుబుక్కు ఏ భాషలో రాయాలని అడుగుతారు. మీరు ఆలోచించే భాషలో రాయండి. అంకెలు మాత్రం అందరూ చదవగలిగేవి ఒకే తీరువి వాడండి, ప్రతి అంకె పక్కన కొలమానం రాయండి.

10. అంకెలు ఏం చెబుతున్నాయి?

లెక్క చూపడానికి నేను ఊహించి వేసిన అంకెలివి, ప్రయోగంలో వచ్చినవి కావు:

- ఉత్త సీసాలు: 31, 27, 35, 22, 29 (సగటు 28.8)
- బూడిద: 8, 14, 11, 19, 6 (సగటు 11.6)
- మట్టి: 12, 9, 17, 15, 10 (సగటు 12.6)

సగటు వెయ్యకముందు గ్రాఫు కాగితం మీద ప్రతి సీసాకూ ఒక చుక్క పెట్టండి. చుక్కలు ఎంత దూరం చెదిరాయో చూస్తే తేడా నమ్మదగినదో కాదో కంటికే సగం తెలుస్తుంది.

బూడిదలో అతి ఎక్కువ 19, ఉత్త సీసాల్లో అతి తక్కువ 22. పూర్తిగా విడిపోయాయి. అయిదో మెట్టులోని లెక్క ప్రకారం ఇది ఉత్త అదృష్టం వల్ల జరగడం 252లో 2. కానీ బూడిద, మట్టి చుక్కలు కలిసిపోయి ఉన్నాయి. కాబట్టి బూడిద పురుగును తగ్గించింది నిజమే గానీ, మెత్తటి మట్టి కూడా దాదాపు అంతే తగ్గించింది. సందులు పూడటమే ముఖ్య కారణం కావచ్చు. మట్టి సీసాలు పెట్టకపోతే ఈ మాట అనగలిగేవాళ్లం కాదు.

బూడిదలోని ఆ 19 నచ్చలేదని తీసెయ్యకండి. మూడో మెట్టులో రాసుకున్న కారణం ఉంటే తప్ప ఏ అంకెనూ తీయకూడదు. కన్నాల్లో తేడా రాకపోతే గింజల బరువు, పురుగుల సంఖ్య, మొలక శాతం అంటూ ఏదో ఒకటి కలిసొచ్చేదాకా వెతకడం ఇంకో తప్పు. ఇరవై రకాలుగా వెతికితే ఏ ప్రభావమూ లేకున్నా ఒకటి నూటికి 5 హద్దులో పడే అవకాశం చాలా ఎక్కువ. అలా కంటపడిన విషయం ఉంటే దాన్ని తర్వాతి ప్రయోగానికి ప్రశ్నగా రాసుకోండి.

తేడా రాలేదా? అదీ ఫలితమే. అలాగే రాయండి.

11. రాయడం

వ్యాసం చదివే వరస వేరు, రాసే వరస వేరు. చదివేవాళ్లకు పరిచయం, పద్ధతి, ఫలితాలు, చర్చ కనిపిస్తాయి. మీరు మాత్రం పద్ధతితో మొదలుపెట్టండి, నోటుబుక్కులో సిద్ధంగా ఉంటుంది. తర్వాత గ్రాఫులు, వాటి కింద ఫలితాలు, ఆపైన చర్చ, పరిచయం రాయండి. సారాంశం, శీర్షిక ఆఖరున.

పద్ధతి సరిగ్గా రాశారో లేదో తెలియాలంటే దాన్ని వేరే స్నేహితుడికిచ్చి, మిమ్మల్ని ఏమీ అడగకుండా ఒక సీసా సిద్ధం చెయ్యమనండి. అతను ఎక్కడ ఆగితే అక్కడ వాక్యం సరిచెయ్యండి.

చర్చలో మీ హద్దులు చెప్పండి. గాజు సీసాలో, ఈ రకం బొబ్బర్లతో, ఈ కాలంలో చూశాం. గోనె సంచిలో, ఆరు నెలలకు ఏమవుతుందో మనం చూడలేదు. "బూడిదే ఉత్తమ పురుగు మందు" అని శీర్షిక పెట్టకండి.

గుప్పెడు కొలత చెప్పిన పెద్దమ్మకు, లెక్కపెట్టిన తమ్ముడికి పేరుపేరునా కృతజ్ఞతలు రాయండి, వాళ్లను అడిగి మరీ.

12. ముందు ఊళ్లో చెప్పండి

పద్ధతి చెప్పిన ఇళ్లకే ఫలితం మొదట చేరాలి. ఇది నా గట్టి అభిప్రాయం. పోస్టరు తెలుగులో, ఒడియాలో పక్కపక్కన రాయండి. సవర ఊళ్లకు వెళ్తే ఆ భాష వచ్చినవాళ్లను తోడు తీసుకెళ్లండి. మూడు సీసాలు తీసుకెళ్లి వాళ్ల చేతే గింజలు తీయించి చూపించండి. వాళ్లు అడిగే ప్రశ్నలు (పచ్చి కట్టె బూడిదైతే? వేపాకు కూడా వేస్తే?) నోటుబుక్కులో రాసుకోండి, తర్వాతి ప్రయోగం అక్కడే ఉంటుంది.

బడి పిల్లలైతే 10 నుంచి 17 ఏళ్ల వారి కోసం జరిగే జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ ఇలాంటి పనికి సరైన వేదిక. మాట్లాడేటప్పుడు గ్రాఫు ముందు పెట్టి, అక్షాల మీద ఏముందో మొదట చెప్పి, ఆ తర్వాతే ఫలితం చెప్పండి.

13. పత్రికకు పంపడం

డిగ్రీ, పీజీ వాళ్లకు ఇది. సంపాదకుడు మీ వ్యాసాన్ని మామూలుగా ఆ రంగంలోని ఇద్దరు ముగ్గురికి పంపుతారు. వాళ్లు లోపాలు రాస్తారు. వాటిని చూసి కుంగిపోకండి. ప్రతి అభ్యంతరాన్నీ నంబరు వేసి, కింద మీ జవాబు, ఎక్కడ మార్చారో పేజీ, వరసతో సహా రాసి పంపండి. ఒప్పుకోలేనిది ఉంటే కారణం చూపి మర్యాదగా చెప్పండి.

డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే పత్రికలు చాలా ఉన్నాయి. పంపేముందు చూసుకోండి:

- రెండు మూడు రోజుల్లో అచ్చేస్తామని వాళ్లే మెయిలు పెట్టారా? అయితే వద్దు.
- సంపాదక వర్గంలో ఉన్నవాళ్లు నిజంగా ఆయా విశ్వవిద్యాలయాల్లో ఉన్నారా?
- పాత సంచికల వ్యాసాలు మీ గైడ్ చదివినవేనా?
- ఫీజు ఎంతో ముందే రాశారా?

ఒకే వ్యాసాన్ని ఒకేసారి రెండు పత్రికలకు పంపకూడదు. అంకెల పట్టికను జెనోడో లాంటి ఉచిత ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టి, దాని లింకు వ్యాసంలో ఇవ్వండి. 15 సీసాల అంకెలు ఒక్క పేజీ. దాచడానికి కారణమేదీ లేదు.

14. ఎవరైనా "మాకు అలా రాలేదు" అంటే

బరంపురం నుంచో, సరిహద్దు అవతల పాతపట్నం నుంచో ఎవరో అదే ప్రయోగం చేసి వేరే ఫలితం వచ్చిందని రాస్తారు. ముందు నోటుబుక్కు పేజీల ఫోటోలు, అంకెల పట్టిక పంపండి. వాళ్లవి అడిగి తీసుకోండి. తర్వాత వరసగా పోల్చండి: గింజ రకం, బూడిద కొలత, జల్లెడ కన్నం సైజు, పురుగు జాతి, గది వేడి, ఆపిన రోజు.

తేడా దొరికితే ఆ ఒక్కటే మార్చి ఇద్దరూ చెరి 10 సీసాలు పెట్టండి, పాత తీరున 5, మార్చినవి 5. దొరకకపోతే రెండు చోట్ల అంకెలూ కలిపి ఒకే గ్రాఫులో వెయ్యండి, ఇద్దరి పేర్లతో. మీ లెక్కలోనే తప్పు బయటపడితే, అచ్చేసిన పత్రికకు సవరణ రాయండి, మీరు పోస్టరు చూపించిన ఊళ్లకు కూడా కబురు పంపండి.